ఇంట్లో పాటలకి సబ్ వూఫర్ ఒకటి చాలా, రెండు కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఈ కొలతలు ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసిన గొడవంతా వాటి వల్లే వచ్చింది. ఒంగోలు, కావలి, కందుకూరు నుంచి చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందరికీ అదే కథ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇక రాసిపెట్టాను. సబ్ వూఫర్ (సబ్) అంటే బేస్, అంటే పాటలో అన్నిటికంటే కింది స్వరాలు మాత్రమే పలికే స్పీకర్ పెట్టె. ఇది సినిమాల కోసం పెట్టుకునే 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్) గురించి కాదు. ఒక ఆంప్లిఫైయర్, రెండు స్పీకర్లు పెట్టుకుని కూర్చుని పాటలు వినేవాళ్ల కోసం.

అసలు నాకు సబ్ వూఫర్ అవసరమా?

మీ స్పీకర్లు ఎంత కిందికి పలుకుతాయో చూసుకోండి. అల్మారాలో పట్టే చిన్న స్పీకర్లలో చాలావరకు 55, 60 హెర్ట్జ్ దగ్గరే అలసిపోతాయి (హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది). బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్. పియానోలో చిట్టచివరి ఎడమ మెట్టు 27.5. చిన్న స్పీకర్లలో ఆ స్వరాలు అసలు వినపడవని కాదు. వాటితో పాటే పుట్టే పై స్వరాలు, అంటే హార్మోనిక్స్, వినపడతాయి, కింది భాగాన్ని మన మెదడే పూరించుకుంటుంది. స్వరం తెలుస్తుంది, దాని బరువు తెలీదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వెంట చెవి పెట్టి వినే అలవాటు ఉన్నవాళ్లకి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.

మీరు వినేవి ఎక్కువగా పాత మోనో పాటలు, వీణ, వేణువు కచేరీలు అయితే డబ్బు దాచుకోండి. వాటిలో అంత అడుగున పెద్దగా ఏమీ ఉండదు. 35 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద టవర్ స్పీకర్లు ఉన్నవాళ్లు కూడా తొందరపడక్కర్లేదు.

షాపులో అదిరిపోయింది, ఇంటికి తెస్తే బేసే లేదు. పీస్ పోయిందా?

నాకూ అచ్చం ఇదే జరిగింది. కొన్న షాపులో "మూలన పెట్టి నాబ్ తిప్పండి సార్, అంతే" అన్నారు. మూలన పెట్టాను. సోఫాలో కూర్చుంటే పాటలో బేస్ గిటార్ పైకెక్కినప్పుడు వినిపిస్తోంది, కిందికి దిగేసరికి మాయమవుతోంది. నాబ్ ఇంకా తిప్పాను. ఈలోపు వంటింట్లోంచి మా అమ్మ కేక: "ఏందిరా అది, గిన్నెలన్నీ అదురుతుండాయి!" లేచి వెళ్లి చూస్తే నిజమే. వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే గుండెల మీద గుద్దినట్టుంది. స్టీల్ స్టాండులో పళ్లేలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. మళ్లీ సోఫా దగ్గరికొస్తే ఏమీ లేదు.

పీస్ బాగానే ఉంది. తప్పు గదిది. శబ్దం వేగం మన ఎండల్లో సెకనుకి దాదాపు 350 మీటర్లు. అంటే 40 హెర్ట్జ్ అల ఒక్కోటి దాదాపు 8.75 మీటర్ల పొడవుంటుంది. 14 అడుగులంటే 4.27 మీటర్లు, ఆ అలలో సగానికి దగ్గర. సగం అల సరిగ్గా ఇమిడే ఫ్రీక్వెన్సీ దగ్గర ఎదురెదురు గోడల మధ్య శబ్దం నిలబడిపోతుంది. మా హాల్లో పొడవు వల్ల అది 41 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వల్ల 52 దగ్గర, ఎత్తు వల్ల 57 దగ్గర వస్తుంది. వీటిని రూమ్ మోడ్స్ అంటారు. ఇలా నిలబడిన అల గోడల దగ్గర బలంగా, గది నడిమధ్యలో దాదాపు సున్నాగా ఉంటుంది. మా సోఫా ఎక్కడుందనుకున్నారు? చక్కగా నడిమధ్యలో. బేస్ గిటార్ లావు తీగ కూడా 41 హెర్ట్జే కదా, ఆ స్వరం సరిగ్గా ఆ గుంటలో పడిపోయింది. వంటింటి గుమ్మం దక్షిణపు గోడకి ఆనుకుని ఉంది కాబట్టి మొత్తం అక్కడికి చేరింది.

గుంటలో కూర్చుని నాబ్ తిప్పితే లాభం లేదు. మీకు వినపడేలోపు పక్కింటివాళ్లకి వినపడుతుంది.

అమెరికా వాళ్ల వీడియోల్లో ఇంత గొడవ చెప్పరే?

వాళ్ల ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేములు, జిప్సం బోర్డులు. ఆ గోడలు కొంచెం ఊగుతాయి, కొంత బేస్‌ని మింగుతాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మనది 9 అంగుళాల ఇటుక గోడ, పైన కాంక్రీట్ స్లాబ్, కింద గ్రానైటో టైల్సో. లోపలికొచ్చిన బేస్ తలుపులోంచో కిటికీలోంచో పోవాలి తప్ప ఇంకెక్కడికీ పోదు. అందుకే మన గదుల్లో మోడ్స్ గట్టిగా ఉంటాయి. కర్టెన్లు, తివాచీలు గదిలో చప్పట్లు కొడితే మోగే గోలని తగ్గిస్తాయి కానీ 41 హెర్ట్జ్‌ని ఏమీ చేయలేవు. దాన్ని మామూలు దూదితో పీల్చుకోవాలంటే గోడ ముందు రెండు మీటర్ల మందం కావాలి.

మరి ఒక్క సబ్‌ని ఎక్కడ పెట్టాలి?

ముందు సోఫా సంగతి చూడండి. గది పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటే రెండడుగులు వెనక్కో ముందుకో జరపండి. పైసా ఖర్చు లేని పని ఇది. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించింది కూడా ఇదే.

తరవాత సబ్‌ని తీసుకెళ్లి సోఫాలో, మీరు కూర్చునే చోట పెట్టండి. అవును, సోఫా మీదే. కింద ఒక పలక వేయండి, లేకపోతే ఒరిగిపోతుంది. బేస్ గిటార్ మెట్టు మెట్టుగా ఎక్కి దిగే పాట ఒకటి రిపీట్‌లో పెట్టి, మీరు గోడల వెంట నేల మీద పాకండి. చెవి అడుగు ఎత్తులో ఉండాలి. ఒకచోట ఒక్క స్వరం మాత్రమే బుంగలో మాట్లాడినట్టు బూమ్ అంటుంది, ఒకచోట సగం స్వరాలు ఉండవు. అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే బరువుతో వినిపించే చోట చాక్‌పీసుతో గీత గీయండి. సబ్‌ని తెచ్చి అక్కడ పెట్టండి. ఇక్కడి నుంచి అక్కడికి శబ్దం ఎలా చేరుతుందో, అక్కడి నుంచి ఇక్కడికీ అలాగే చేరుతుంది, అంతే సూత్రం.

నేను పాకుతుంటే మా అమ్మ "ఏం పోగొట్టుకున్నావురా?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పాకండి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. సోఫా గుంటలో ఉండగా ఎంత పాకినా ఆ స్వరం ఏ మూలా దొరకదు. అందుకే ముందు సోఫా అన్నాను.

ఈశాన్యంలో సబ్ పెట్టొచ్చా? ఇంట్లో ఒప్పుకోవట్లేదు.

నవ్వకండి, నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. 12 అంగుళాల సబ్ 20 కిలోలు కూడా తూగుతుంది. ఈశాన్యంలో బరువు వద్దంటారు పెద్దలు. శబ్దానికి దిక్కుల పట్టింపు లేదు. అయితే నైరుతిలో బరువు ఉండాలనేది కూడా వాళ్ల మాటే కదా, అక్కడ పాకి చూడండి, బాగుంటే అందరికీ సంతోషం. ఏ మూలన పెట్టినా అన్ని మోడ్స్‌నీ గట్టిగా లేపుతుంది, శబ్దం పెరుగుతుంది, సాఫీతనం తగ్గుతుంది. నా మట్టుకు మూలల కంటే గోడ మధ్యే ఇష్టం. అందులో వాస్తు తగాదా కూడా లేదు.

రెండో సబ్ ఎందుకు? శబ్దం రెట్టింపు అవ్వడానికా?

పెరుగుతుంది. ఒకే రకం సబ్‌లు రెండు కలిసి పలికితే 6 డెసిబెల్స్ వరకు అదనం. కానీ రెండోది కొనడానికి అది కారణం కాదు. 14 అడుగుల హాల్లో శబ్దం చాలక ఏడ్చినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఒక సబ్ పెట్టి, సోఫా జరిపి, పాకి, నా సీటుని చక్కబెట్టుకున్నాను. ఆ ఒక్క సీటు బ్రహ్మాండంగా ఉంది. పక్కన కూర్చున్న తమ్ముడికి బూమ్ బూమ్, కిటికీ పక్క కుర్చీలో నాన్నకి ఏమీ లేదు. వంటింటి గుమ్మం సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు. ఒక సబ్‌తో ఒక సీటుని బాగుచేయొచ్చు, హాలుని కాదు. హాలంతా ఒకేలా వినపడాలంటే రెండోది కావాలి. ఒక్కరే కూర్చుని వినేవాళ్లయితే రెండోదాని డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కోండి.

ఇది ఎలా పనిచేస్తుందంటే, పొడవు మోడ్‌లో ఉత్తరపు గోడ దగ్గర ఒత్తిడి పెరుగుతున్నప్పుడు దక్షిణపు గోడ దగ్గర తగ్గుతుంటుంది. రెండు గోడల దగ్గరా చెరొక సబ్ ఒకేసారి ఒకేలా గాలిని నెడితే, ఒకటి లేపాలనుకున్న మోడ్‌ని రెండోది లేవనివ్వదు. పడవకి చెరో కొసన ఇద్దరు ఒకేసారి తొక్కినట్టు. ఊగదు. 2002లో ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ దీర్ఘచతురస్రపు గదుల్లో రకరకాల అమరికలు లెక్కగట్టి చూపించిందీ ఇదే: నాలుగు గోడల మధ్యల్లో నాలుగు పెడితే చాలా బాగుంటుంది, ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెట్టినా దాదాపు అంత ఫలితం వస్తుంది. నాలుగు దాటితే ఒరిగేది పెద్దగా లేదు.

రెండూ స్పీకర్ల పక్కనే చెరోవైపు పెడితే అందంగా ఉంటుంది కదా?

అందంగానే ఉంటుంది. రెండూ ముందు మూలల్లో ఉంటే వెడల్పు మోడ్ తగ్గుతుంది. మా హాల్లో అది 52 హెర్ట్జ్‌ది. పొడవు మోడ్ మాత్రం కదలదు, పైగా ఇద్దరూ కలిసి దాన్నే లేపుతారు. నేను ఒకటి ఉత్తరపు గోడ మధ్య, టీవీ స్టాండ్ పక్కన పెట్టాను. రెండోది దక్షిణపు గోడ మధ్య, సోఫా వెనక. ఇప్పుడు పళ్లేలు మోగడం లేదు. గుమ్మంలో నిలబడ్డా, సోఫాలో కూర్చున్నా ఇంచుమించు ఒకటే. వెనక సబ్ మీద మా అమ్మ తాంబూలం పళ్లెం పెడుతోంది, దానికి మాత్రం నేనేం చేయలేకపోతున్నాను.

వెనక గోడ మధ్యలో చోటు లేకపోతే ఎదురెదురు మూలలు ప్రయత్నించండి. ఎల్ ఆకారపు హాలు, ఒక పక్క పూర్తిగా తెరిచి ఉన్న డైనింగు ఉంటే ఈ లెక్కలు అంత చక్కగా కుదరవు. అప్పుడు పాకడమే శరణ్యం.

స్టీరియో కదా, ఎడమ చానల్‌కి ఒకటి, కుడి చానల్‌కి ఒకటి ఇవ్వాలా?

అక్కర్లేదు. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టలేదు. చాలా పాటల్లో బేస్‌ని మధ్యలోనే పెడతారు. గ్రామఫోన్ రికార్డులు కోసేటప్పుడైతే ముల్లు గంతులేయకుండా అడుగు బేస్‌ని కావాలనే మోనో చేసేవారు. రెండు సబ్‌లకీ ఎడమ, కుడి కలిపిన సిగ్నలే ఇవ్వండి. ముందూ వెనకా పెట్టినప్పుడు మోడ్ అణగాలంటే రెండూ ఒకటే పలకాలి కూడా.

ఒక పెద్దదా, రెండు చిన్నవా?

హాల్లో నలుగురు కూర్చుంటారంటే రెండు 10 అంగుళాలవి. ఒక 15 అంగుళాలది ఎంత ఖరీదైనదైనా గది గుంటని పూడ్చలేదు. రెండు ఉంటే అదే శబ్దానికి ఒక్కో కోను తక్కువ ఊగితే చాలు కాబట్టి శబ్దం చెడిపోవడం (డిస్టార్షన్) కూడా తగ్గుతుంది. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయితే తలనొప్పి సగం తగ్గుతుంది. ముందు ఒకటి కొని, ఆర్నెల్లు విని, అప్పుడు రెండోది కొనాలనుకునేవాళ్లు ఆ మోడల్ ఇంకా దొరుకుతుందో లేదో కనుక్కుంటూ ఉండండి.

సీల్డ్ పెట్టెనా, పోర్ట్ ఉన్నదా?

సీల్డ్ అంటే అన్నివైపులా మూసేసిన పెట్టె, పోర్ట్ అంటే పెట్టెలోంచి గాలి బయటికొచ్చే గొట్టం. పాటలకి, చిన్న హాలుకి నా ఓటు సీల్డ్‌కి. పోర్ట్ ఉన్నది అదే సైజులో గట్టిగా మోగుతుంది, కానీ ఆ గొట్టాన్ని ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కింద శబ్దం రెట్టింపు వేగంతో పడిపోతుంది: సీల్డ్‌లో ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగానికి దిగిన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ అయితే ఇందులో 24. గోడలు గట్టిగా ఉన్న చిన్న గది అడుగు బేస్‌ని తనే కొంత పెంచుతుంది కాబట్టి సీల్డ్ చాలు. ఇంకో కారణం కూడా ఉంది: పోర్ట్ గొట్టం మన ఊళ్లో బల్లులకి, బొద్దింకలకి కట్టించిన ఇల్లు.

నా ఆంప్‌కి సబ్ అవుట్ లేదు. ఎలా?

సబ్ అవుట్ అంటే సబ్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్. అది లేకపోతే సబ్ వెనక హై లెవెల్ ఇన్‌పుట్ ఉందేమో చూసి కొనండి. ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచే సన్న వైర్లు తెచ్చి దానికి ఇస్తారు. సబ్‌లో తన సొంత ఆంప్ ఉంటుంది కాబట్టి మీ ఆంప్ మీద భారం పడదు. ఆంప్ క్లాస్ డీ రకమైతే నల్ల వైరు ఎక్కడ కలపాలో ఆ సబ్ మాన్యువల్లో చూసి మాత్రమే కలపండి, తప్పు చోట పెడితే ఆంప్ కాలిపోవచ్చు. సబ్ అవుట్ ఒక్కటే ఉండి సబ్‌లు రెండుంటే ఒకటి రెండుగా చీలే వై కేబుల్ సరిపోతుంది.

క్రాసోవర్, ఫేజ్, వాల్యూమ్ నాబ్‌లు ఎక్కడ పెట్టాలి?

క్రాసోవర్ అంటే ఏ ఫ్రీక్వెన్సీ కింద సబ్ పలకాలో చెప్పే నాబ్. సినిమా సెట్లలో 80 హెర్ట్జ్ మామూలు అంకె. మన రెండు స్పీకర్ల సెట్లో ఆంప్ స్పీకర్లకి పూర్తి సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది కాబట్టి, 80 దగ్గర పెడితే ఇద్దరూ ఒకే స్వరం మీద పడతారు. స్పీకర్ ఎక్కడ అలసిపోతుందో అక్కడ, అంటే 50, 60 దగ్గర మొదలుపెట్టండి. ఆంప్‌లో హై పాస్ సౌకర్యం (స్పీకర్లకి అడుగు బేస్ వెళ్లకుండా ఆపేది) ఉంటే 80 హాయిగా పెట్టుకోవచ్చు, చిన్న స్పీకర్లు బరువు దిగి తేలిగ్గా పాడతాయి. సబ్‌లో ఎల్ఎఫ్ఈ (సినిమా సెట్ల బేస్ చానల్) అని రాసిన ఇన్‌పుట్‌కి ఇస్తే సబ్ క్రాసోవర్ నాబ్ చాలావాటిలో పనిచేయదు. నాబ్ తిప్పుతున్నా తేడా లేదని ఫోన్ చేసిన ప్రతివాళ్లదీ ఇదే సంగతి.

ఫేజ్ అంటే సబ్, స్పీకర్లు ఒకే తాళంలో ఊగేలా కలిపే నాబ్. దీనికి ఇద్దరు కావాలి. క్రాసోవర్ దగ్గరి టోన్ ఒకటి మోగించి మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు ఫేజ్ మారుస్తారు. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ ఆపండి. సబ్‌లు రెండైతే ఒక్కోదాన్ని విడిగా చూశాక రెండూ కలిపి మళ్లీ వినండి.

వాల్యూమ్ మాత్రం చేపల పులుసులో మెంతుల్లాంటిది. మెంతులు తెలుస్తున్నాయంటే ఎక్కువైనట్టే, వేయకపోతే మాత్రం పులుసు పులుసులా ఉండదు. కొత్తగా కొన్నవాళ్లందరూ మొదటి వారం ఎక్కువే వేస్తారు. నేనైతే నెల వేశాను.

ర్‌ర్‌ర్ మని సన్నటి రొద వస్తోంది.

మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ రొద 50, 100 దగ్గర ఉంటుంది. సబ్ వెనక సిగ్నల్ కేబుల్ పీకండి. రొద ఆగితే సబ్ తప్పు కాదు, గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌ల మధ్య వైర్ల గుండా తిరిగే కరెంటు. తరవాత టీవీకొచ్చే కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, చాలా ఇళ్లలో దొంగ అక్కడే దొరుకుతాడు. సబ్‌లు రెండైతే వెనకదాన్ని వేరే స్విచ్ బోర్డుకి పెడతాం, ఆ తేడాతో కూడా వస్తుంది. అన్నిటికీ ఒకే బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ లాగండి. ఎవరో చెప్పారని ఎర్త్ పిన్ మాత్రం తీసేయొద్దు. రొద పోతుంది, షాక్ కొడితే మనిషే పోతాడు.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిస్తే వచ్చే జుయ్‌మనే మోత వేరు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

చీమకుర్తి గ్రానైట్ పలక కింద వేస్తే బేస్ బాగుంటుందా?

ఒంగోలు వైపు నుంచి వచ్చే ప్రశ్న. గెలాక్సీ గ్రానైట్ ముక్క వాళ్లకి సులువుగా దొరుకుతుంది, చూడటానికి నిజంగా బాగుంటుంది, చుక్కలు మెరుస్తూ. బేస్‌లో తేడా ఉండదు, నేల ఎలాగూ రాయే. పలక కింద రబ్బరు ముక్కలు వేస్తే పెట్టె జారకుండా ఉంటుంది, అంతే. కింది పోర్షన్‌లో వేరేవాళ్లుంటే రబ్బరు ఎక్కువ పనికొస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పైవాళ్లు గొడవ చేస్తే?

రబ్బరు, ఫోమ్ అన్నీ పెట్టె నుంచి నేలకి దిగే అదురుని తగ్గిస్తాయి. గాల్లో వెళ్లేదాన్ని ఏమీ చేయవు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. కానీ ఆ కొలతని "ఎ-వెయిటింగ్" అనే పద్ధతిలో తీస్తారు, అది చెవి లాగే అడుగు స్వరాల్ని తక్కువగా లెక్కేస్తుంది. అందులో 50 హెర్ట్జ్‌ని 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు. అందువల్ల మీటర్లో మీరు నిర్దోషులే, పైవాళ్ల మంచం మాత్రం వణుకుతూనే ఉంటుంది. మీటరు చూపించి వాదించకండి. 10 దాటాక సబ్ కట్టేయండి.

రెండు సబ్‌లు ఇక్కడ కూడా కొంచెం సాయపడతాయి. నా సీట్లో గుంట లేదు కాబట్టి, వెనకటిలా నాబ్ పైకి తిప్పే పని లేదు.

రాత్రి సౌండ్ తగ్గిస్తే బేస్ ఎందుకు మాయమవుతుంది?

చెవి తీరే అంత. తక్కువ శబ్దంలో మనిషి చెవికి బేస్ సరిగ్గా ఆనదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. ఇంకో కారణం, ఆటో ఆన్ స్విచ్. సిగ్నల్ చిన్నదైతే సబ్ నిద్రపోతుంది. దాన్ని ఆన్‌లో ఉంచి చూడండి.

ఫోన్ యాప్‌తో కొలవొచ్చా?

ఫోన్ మైకులు చాలావరకు అడుగు బేస్‌ని సరిగ్గా పట్టవు. యూమిక్-1 లాంటి కొలత మైకు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అది గీసే గీత చూస్తే గుట్టలూ గుంటలూ కనపడతాయి. ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) గుట్టల్ని కోయొచ్చు. గుంటల్ని మాత్రం పూడ్చడానికి చూడొద్దు, సబ్ ఆంప్ అలసిపోతుంది తప్ప గుంట నిండదు. అది సోఫా, సబ్ జరిపి చేసే పని.

పెళ్లిళ్ల డీజే బాక్సు పాతది ఒకటి చవగ్గా వస్తోంది. తీసుకోనా?

వద్దు. అవి మైదానంలో గట్టిగా మోగడానికి కట్టినవి. 40, 45 కిందికి చాలావరకు దిగవు, హాల్లో సగం చోటు తినేస్తాయి.

నెల్లూరులో కొనాలా, చెన్నై వెళ్లాలా?

చెన్నై 175 కిలోమీటర్లే, పొద్దున రైలెక్కితే ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అయితే అక్కడ విన్న బేస్ ఆ షాపు గదిది. ఊళ్లోనే కొంటే, ఇంటికి తెచ్చి రెండ్రోజులు విని నచ్చకపోతే తిరిగిస్తానని ముందే అడగండి. ఒప్పుకునే షాపు దొరికితే ధర కొంచెం ఎక్కువైనా అక్కడే కొనండి.

ఉప్పుగాలి, తుఫాను రోజులు?

కోను చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది కాకుండా రబ్బరుది చూసుకోండి. మన ఉక్కకి ఫోమ్ కొన్నేళ్లలో పొడి పొడిగా రాలిపోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉరుములొచ్చినప్పుడు ప్లగ్గు పీకేయండి, స్విచ్ కట్టేస్తే చాలదు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు కింది పోర్షన్‌లో ఉండే మా చుట్టాలు టీవీ, ఫ్రిజ్ పైకెత్తారు, సబ్‌ని మర్చిపోయారు. పెట్టె ఎండీఎఫ్ (చెక్క పీచుని అతికించి చేసిన బోర్డు) కదా, అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పీల్చుకుని నానిన బిస్కెట్‌లా ఉబ్బింది. కోను, ఆంప్ రెండూ బాగానే ఉన్నాయి. వడ్రంగి చేత అదే కొలతల్లో ప్లైవుడ్ పెట్టె చేయించి బిగించాం, ఇప్పటికీ మోగుతోంది.